ఓడకూ ఒడ్డుకూ నడుమ

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సా.శ. 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. నేడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న గ్రామంగా మిగిలిన మోటుపల్లి ఆనాడు దేశదేశాల ఓడలు వచ్చి నిలిచిన రేవు. తుపానుకు చిక్కి, దారి తప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకునంతటినీ అంతకు ముందటి రాజులు బలవంతంగా తీసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగే వర్తకులకు అది అన్యాయమని తలచి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టబోమని గణపతిదేవుడు అభయమిచ్చాడు. అందువల్లనే అది అభయశాసనమని ప్రసిద్ధి పొందింది. తరగతిలో ఈ శాసనం గురించి చెప్పినప్పుడల్లా నాకొక భావన కలుగుతుంది. ఓడలు ఆగే ఆ చోటు, నీటి మీది నుంచి వచ్చే అపరిచితునికి నేల మీది జనం ఇచ్చే ఒక మాట వంటిది. ఆ మాట నేడు ఎవరికి అందుతున్నది, ఎవరికి అందడం లేదు అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఒకప్పుడు ఓడ ప్రయాణం వ్యాపారానికి, వలసకు, యుద్ధానికి. ఇప్పుడది విహారానికి కూడా. క్రూయిజ్ అని పిలిచే విహారనౌక వేలమంది ప్రయాణికులతో ఒక చిన్న పట్టణంలా సముద్రం మీద సాగుతుంది. రాత్రంతా నడిచి తెల్లవారేసరికి ఒక రేవు చేరుతుంది. ప్రయాణికులు దిగి, ఊరు చూసి, సాయంత్రానికి మళ్లీ ఓడ ఎక్కుతారు. ఈ పగటి యాత్రను తీరవిహారం అనవచ్చు. ఇటువంటి ప్రయాణాలను వృద్ధులు, నడవలేనివారు ఎక్కువగా ఇష్టపడడానికి కారణం తెలుసుకోవడం కష్టం కాదు. పెట్టె ఒక్కసారి సర్దుకుంటే చాలు. గది మారనక్కరలేదు. భోజనశాలకు, వినోదశాలకు లిఫ్టులో వెళ్లవచ్చు. వైద్యుడు ఓడలోనే ఉంటాడు. అమెరికాలో పిల్లలున్న మన తెలుగు తల్లిదండ్రులు అక్కడికి వెళ్లినప్పుడు, మోకాళ్ల నొప్పులవారిని సైతం పిల్లలు ఇటువంటి ఓడ ఎక్కిస్తున్నది ఇందుకే.

మా కళాశాలలో నాకంటె ముందు సంస్కృతం బోధించి పదవీవిరమణ చేసిన మాష్టారు ఒకరున్నారు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చేయి పడిపోయిన తరువాత ఆయన బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీలోనే తిరుగుతున్నారు. టెక్సాస్‌లో ఉన్న ఆయన కుమారుడు తల్లిదండ్రులను గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కించి కరీబియన్ సముద్రంలో వారం రోజుల విహారానికి తీసుకువెళ్లాడు. ఓడలో మాష్టారికి ఏ లోటూ కలగలేదు. గది తలుపు కుర్చీ పట్టేంత వెడల్పు. స్నానాలగదికి గడప లేదు. భోజనానికి కుర్చీతోనే బల్ల దగ్గరకు వెళ్లేవారు. మూడవ రోజున ఒక దీవి చూడవలసి ఉంది. ఆ తీరవిహారానికి కుమారుడు ముందుగానే డబ్బు చెల్లించాడు. టిక్కెట్టు మీద చక్రాల కుర్చీ గుర్తు స్పష్టంగా ముద్రించి ఉంది.

తీరా చూస్తే ఆ దీవి రేవులో పెద్ద ఓడ నిలవడానికి లోతు లేదు. దూరంగా లంగరు వేసి, టెండర్లనే చిన్న పడవలలో ప్రయాణికులను ఒడ్డుకు చేరుస్తారు. ఓడ అడుగు అంతస్తులోని ద్వారం దగ్గరకు వీరు చేరుకునేసరికి పడవ సిద్ధంగా ఉంది. బ్యాటరీ కుర్చీని పడవలోకి ఎక్కించబోమన్నారు. సరేనని ఓడలో ఉండే మామూలు కుర్చీ తెప్పించారు. ద్వారానికీ పడవకూ నడుమ ఒక ఖాళీ, పడవ అంచున ఒక గడప, లోపల రెండు మెట్లు. అల వచ్చినప్పుడల్లా పడవ లేచి పడుతున్నది. “నాలుగడుగులు సొంతంగా వేయగలరా?” అని నావికుడు అడిగాడు. వేయలేరు. మనిషిని ఎత్తి దాటించడం నియమాలకు విరుద్ధమని ఆయన మర్యాదగానే చెప్పాడు. మాష్టారు, ఆయన భార్య ఓడలో ఉండిపోయారు. “నాన్నగారూ, నేనూ వెళ్లను” అని కుమారుడన్నా వినక, పిల్లలతో అతణ్ణి పంపించారు.

ఆ సంగతి నాకు ఫోనులో చెబుతూ మాష్టారు నవ్వారు. “ఏమోయ్, రామాయణంలో వానరులంతా సముద్రపు ఈవలి ఒడ్డున కూర్చుండిపోయారు. వారి బాధ వేరు. నేను సముద్రమంతా దాటి, ఆఖరి బారెడు దాటలేకపోయాను” అన్నారు. కిటికీలోంచి కొబ్బరిచెట్లు బాగానే కనిపించాయట.

ఆ ఆఖరి బారెడు గురించి అప్పటినుంచి నేను ఆలోచిస్తూనే ఉన్నాను. మొదట నేను కూడా అందరిలాగే సముద్ర స్వభావం అంతే కదా అనుకున్నాను. ఆ నావికుని తప్పు పట్టడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు. బ్యాటరీ కుర్చీలలో నూరు కిలోలు దాటి తూగేవి ఉన్నాయి. ఊగే పడవలో అది జారితే మాష్టారికే కాదు, పక్కవారికీ ప్రమాదమే. అయితే ఆ పడవ అంచున గడప పెట్టినది సముద్రం కాదు. ఆ పడవను గీసినవారు, కట్టినవారు, కొన్నవారు మనుషులు. గడప లేకుండా, చదునైన నేలతో, వెడల్పు ద్వారంతో, కుర్చీ నేరుగా దొర్లిపోయే బల్లతో పడవలు కట్టడం సాధ్యమే. ఓడ ద్వారం దగ్గర కుర్చీని పడవ మట్టానికి దించే యంత్రాలు అమర్చుకున్న ఓడలూ ఉన్నాయి. గాలి తీవ్రంగా ఉన్న రోజున అవి కూడా పనిచేయకపోవచ్చు. కానీ సముద్రం శాంతంగా ఉన్న రోజులలో సైతం మాష్టారి వంటివారిని ఆపుతున్నది ఎన్నో ఏళ్ల క్రితం ఏదో కార్యాలయంలో జరిగిన ఒక నిర్ణయం.

మరొకటి, టిక్కెట్టు మీది ఆ గుర్తు. తరువాత కుమారుడు విచారిస్తే తేలినదేమంటే, దీవిలో తిరిగే బస్సుకు కుర్చీని ఎత్తే లిఫ్టు నిజంగానే ఉంది. గుర్తు బస్సుకు సంబంధించినది. బస్సు వారు బస్సు గురించి చెప్పారు. అది అబద్ధం కాదు. పడవ వేరొకరిది, జెట్టీ ఇంకొకరిది, టిక్కెట్టు అమ్మినది ఓడ సంస్థ. ఎవరి భాగం వారు సరిగానే ఉంచుకున్నామంటారు. ఈ భాగాలు కలిసేచోట ఉన్న ఖాళీ మాత్రం ఎవరిదీ కాదు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి ప్రయాణమంటే గదినుంచి చూడదలచిన స్థలందాకా తెగని ఒకే దారి. అందులో ఒక్కచోట ఆరంగుళాల మెట్టు వస్తే ముందున్నదీ వెనుకనున్నదీ ఎంత బాగున్నా ఫలితం లేదు.

ఓడ నేరుగా రేవు గోడకు ఆనుకొని నిలిచినా చిక్కులు లేకపోలేదు. ఆటుపోట్లవల్ల ఓడ లేస్తుంది, దిగుతుంది. దానితోపాటు ఓడనుంచి నేలకు వేసే గ్యాంగ్‌వే వంతెన వాలు కూడా మారుతుంది. ఉదయం సునాయాసంగా దిగినవారు సాయంత్రం నిట్టనిలువుగా ఎక్కవలసి రావచ్చు. చక్రాల కుర్చీకి పనికివచ్చే వాలుకు లోకమంతటా వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది. ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం 12 అడుగుల పొడవు కావాలి. ఈ లెక్క తెలిసిన మరునాడు కుతూహలం కొద్దీ మా కళాశాల గుమ్మం పక్కనున్న ర్యాంపును టేపుతో కొలిచాను. ఎత్తు రెండడుగులు, పొడవు ఎనిమిది. ఉండవలసిన దానిలో మూడవ వంతు. ఏళ్ల తరబడి దాని పక్కనుంచే నడిచి తరగతులకు వెళ్లాను. అందులో కుర్చీతో ఎక్కడంకంటె మెట్లెక్కడమే తేలిక.

అలాస్కాలోని జూనో రేవులో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం పదిహేను అడుగులకు పైగా మారడం సర్వసాధారణం. అక్కడ 2017 నాటికి విహారనౌకల కోసం తేలియాడే బెర్తులు రెండు నిర్మించారు. ఓడతోపాటు బెర్తు కూడా లేస్తుంది, దిగుతుంది కనుక ఆ రెండింటి నడుమ వాలు పెద్దగా మారదు. అక్కడినుంచి ఒడ్డుకు పొడవైన వంతెన ఉంటుంది. పెద్ద ఓడలు వచ్చి నిలవాలన్న వాణిజ్య దృష్టితోనే దీనిని కట్టారు; అయినా ఆ మేలు చక్రాల కుర్చీకీ అందుతుంది. కావాలనుకుంటే సముద్రంతో ఎంతటి బేరమైనా కుదుర్చుకోగల నైపుణ్యం మనిషికి ఉన్నదనడానికి ఇది చాలు.

గ్రీసు దేశపు శాంటొరిని దీవి మాట వేరు. అగ్నిపర్వతం పేలగా మిగిలిన నిలువు కొండ అంచున ఊరు, కింద సముద్రం. పాతరేవునుంచి ఫిరా పట్టణానికి 580కి పైగా మెట్లు. అవి ఎక్కలేకపోతే గాడిద, కాదంటే కేబుల్ కారు. ఆ కొండను చదును చేయమని ఎవరూ కోరరు. కోరవలసినది ఒక్కటే: ఇక్కడ ఇంత ఎత్తున్నది, ఇన్ని మెట్లున్నాయి, పడవ ఇటువంటిది అని టిక్కెట్టు కొనకముందే చెప్పడం.

అదే దేశపు రాజధాని ఏథెన్స్‌లో ఉన్న అక్రోపొలిస్ విషయంలో నా అభిప్రాయం ఒకటికి రెండుసార్లు మారింది. పిరేయస్ రేవులో ఓడ దిగినవారిలో ఎక్కువమంది వెళ్లేది అక్కడికే. 2004 ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల సందర్భంగా ఆ కొండకు ఒక లిఫ్టు అమర్చారు. అది తరచు మూలపడేది. 2020 డిసెంబరులో కొత్త వాలు లిఫ్టును ప్రారంభించారు. దానితోపాటు పార్థినాన్ వైపు సాగే దారులలో కాంక్రీటు పరిచారు. ఎంతో వివాదం చెలరేగింది. ప్రాచీన శిలను సిమెంటుతో కప్పారని పురావస్తు పండితులు పలువురు నిరసించారు. అవసరమైతే తొలగించడానికి వీలుగానే పరిచామని ప్రభుత్వం సమాధానం చెప్పింది.

నేను ప్రాచీన కావ్యాలు చదువుకొని, వాటితోనే జీవనం గడిపినవాణ్ణి. పాత రాయికి కొత్త సున్నం తగిలితే నా మనసు చివుక్కుమంటుంది. మన ఆలయాలలో శాసనాల మీద రంగులు పూసినప్పుడు ఎన్ని ఉత్తరాలు రాశానో లెక్కలేదు. కనుక మొదట నేను పురావస్తు పండితుల పక్షమే. తరువాత ఆ కొండ చరిత్ర కొంత చదివాను. అక్రోపొలిస్ ముఖద్వారమైన ప్రొపిలేయా నడిమి మార్గంలో ప్రాచీనులు మెట్లు కట్టలేదు. ఉత్సవ ఊరేగింపులో బలిపశువులు నడవడానికి వీలుగా అక్కడ వాలుదారి ఉండేది. ఎపిడారస్‌లోని వైద్యదేవుడు అస్క్లీపియస్ ఆలయ ప్రాంగణంలో రాతి ర్యాంపులు అనేకం బయటపడ్డాయి. నడవలేని రోగుల కోసమే వాటిని కట్టి ఉంటారని 2020లో ఒక పరిశోధకురాలు వాదించింది. ఆ వాదనను అందరూ అంగీకరించకపోవచ్చు. ఏమైనా, వాలుదారి అనేది ప్రాచీనతకు పరాయిది కాదు. ఇప్పటికీ ఆ కాంక్రీటు ఇంకొంత సన్నగా, ఇంకొంత వినయంగా ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. కానీ లిఫ్టే వద్దనే మాట ఇక నా నోట రాదు. మాష్టారి వంటి పండితుడు పార్థినాన్‌ను కిందనుంచే చూసి వెళ్లడం ఆ రాతికి చేసే గౌరవమని నేను ఒప్పుకోలేను.

తరువాత కలుపుదామనుకుంటే ఏమవుతుందో వెనిస్ నగరం చూపింది. క్రూయిజ్ రేవునుంచి వచ్చేవారు చేరే పియాజలె రోమా చౌకు దగ్గర, ప్రసిద్ధ వాస్తుశిల్పి కలత్రావా రూపొందించిన కాన్‌స్టిట్యూషన్ వంతెనను 2008లో తెరిచారు. గాజు మెట్ల వంతెన. చక్రాల కుర్చీకి దారి లేదు. విమర్శలు వచ్చాక వంతెన పక్కన పట్టాల మీద జారే గుడ్డు ఆకారపు గది ఒకటి 2013లో అమర్చారు. అది నెమ్మది, తరచు చెడిపోయేది. 2020లో తీసివేశారు. గీసేనాడే వాలుదారి గీసి ఉంటే ఈ ప్రయాస ఉండేది కాదు.

చట్టాలు లేవా అని మీరడగవచ్చు. ఉన్నాయి. హ్యూస్టన్‌లో ఓడ ఎక్కిన వికలాంగులు కొందరు తమకు జరిగిన వివక్షపై కోర్టుకెక్కగా, ఓడ మీద పరాయి దేశపు జెండా ఉన్నా అమెరికా జలాలలో ఉన్నంతవరకు 1990 నాటి వికలాంగుల చట్టం వర్తిస్తుందని, కొన్ని పరిమితులతో, ఆ దేశపు సుప్రీంకోర్టు 2005లో తీర్పు చెప్పింది. యూరోపియన్ యూనియన్‌లో 2012 డిసెంబరునుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, 48 గంటల ముందు తెలియజేసిన ప్రయాణికునికి రేవు నిర్వాహకులు, ఓడ సంస్థలు ఉచితంగా సహాయం అందించాలి. మన దేశం ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను 2007లో ఆమోదించింది. విహారం, పర్యాటకం కూడా అందులో హక్కులే. అయితే అమెరికా చట్టం ఓడలో ఉన్నంతసేపే తోడు వస్తుంది. దీవిలోని జెట్టీ మీద అడుగుపెట్టగానే ఆ తోడు తప్పిపోతుంది. మళ్లీ ఆ బారెడు దగ్గరికే వచ్చాము.

ఖర్చు గురించిన అభ్యంతరం ఒకటి తరచు వినిపిస్తుంది. నూటికి ఒక్కరు వచ్చేచోట ఇంత సొమ్మా అని. వంతెన లేని ఏటికి అవతల ఎందరు ఎదురుచూస్తున్నారో ఈవలి ఒడ్డున నిలిచి లెక్కించలేము. గోదావరి రేవులలో లాంచీకీ ఒడ్డుకూ నడుమ వేసే బల్లచెక్కను మీలో కొందరు ఎక్కే ఉంటారు. ఆ చెక్క మీద నాయనమ్మ చేయి గట్టిగా పట్టుకున్నవారికి, చంటిబిడ్డ తల్లి తడబడడం చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

ప్రకృతి గురించిన అభ్యంతరం మాత్రం బరువైనది. గ్రాండ్ కేమన్ దీవిలో ఓడలు నేటికీ దూరంగానే లంగరు వేస్తాయి. పెద్ద బెర్తు కడితే పగడపు దిబ్బలు నాశనమవుతాయన్న భయం అక్కడ చాలాకాలంగా ఉంది. 2025 ఏప్రిల్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో బెర్తు వద్దని అధికసంఖ్యాకులు ఓటు వేశారు. దానిని నేను తప్పు పట్టను. పగడాలు ఒకసారి పోతే మన తరంలో తిరిగి రావు. కానీ బెర్తు కట్టకూడదంటే నడవలేనివాడు దిగకూడదని అర్థం చెప్పుకోనక్కరలేదు. గడప లేని పడవ ఏ పగడాన్నీ గాయపరచదు.

ఇక మన తీరం. 2023 సెప్టెంబరులో విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మోటుపల్లి తరువాత ఇన్ని శతాబ్దాలకు, పరదేశపు యాత్రికులను ఆహ్వానించడానికే ప్రత్యేకంగా కట్టిన భవనం తెలుగు తీరంలో నిలిచింది. సంతోషమే. ఓడ బెర్తుకు ఆనుకొని నిలుస్తుంది గనుక టెండర్ పడవల బెడద కూడా లేదు. అయితే యాత్రికుడు టెర్మినల్‌ను చూడడానికి రాడు. తొట్లకొండ బౌద్ధారామం కొండ మీద ఉంది. సింహాచలం కొండ మీదే. బొర్రా గుహలలో మెట్లు దిగాలి. సాగరతీరంలోని కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలలో గుండ్రని ఇరుకు ద్వారాల గుండా సాగాలి. ఆ ద్వారాలను వెడల్పు చేస్తే అది జలాంతర్గామే కాదు. అటువంటిచోట లోపలి దృశ్యాన్ని బయట కూర్చున్నవారికి చూపే ఏర్పాటు చేయవచ్చు. మిగిలినచోట్ల బస్సు ఆగే స్థలంనుంచి చూడదగిన చోటుదాకా తెగని దారి ఒకటి ఉందా అన్నది ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని వెళ్లి కొలవాలి. మన దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని కింది ప్రమాణాలు కేవలం సూచనలుగా ఉంటే చాలదని, తప్పనిసరి నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆదేశించింది. ‘వికలాంగులు’ అన్న మాటకు బదులు ‘దివ్యాంగులు’ అన్న మాట వాడుకలోకి తేవడానికి పట్టిన శ్రద్ధలో కొంత మెట్ల మీద కూడా పెట్టి ఉంటే కోర్టుకు ఆ శ్రమ తప్పేది.

మాష్టారు మళ్లీ ఓడ ఎక్కాలనుకుంటున్నారు. ఈసారి మన తీరంనుంచే. యాత్రలు అమ్మే ఒక సంస్థకు రాయవలసిన ఉత్తరాన్ని ఆయన చెబుతుంటే నేను రాసిపెట్టాను. గ్యాంగ్‌వే పొడవెంత, ఎత్తెంత? అక్కడినుంచి బస్సుదాకా ఎన్ని గజాలు? బస్సు మెట్టు ఎత్తెంత? మరుగుదొడ్డి తలుపు వెడల్పెంత? లిఫ్టు చెడితే బాధ్యత ఎవరిది? వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. ‘చక్రాల కుర్చీ వారికి అన్ని అనుకూలమైన సౌకర్యాలు ఉన్నాయి’ అని ఒక వాక్యం. మాష్టారు దానిని రెండుసార్లు చదివి నా చేతికిచ్చారు.

“గుణవాచకం రాశాడోయ్. మనం అడిగింది సంఖ్యావాచకం” అన్నారు.

మళ్లీ రాశాము. ఈసారి ప్రతి ప్రశ్నకు ఎదురుగా ఒక గీత గీసి, పక్కన ‘అంగుళాలు’ అని మేమే రాసి, అంకెకు మాత్రం ఖాళీ వదిలి పంపాము.